మాట తెలిసిన కంప్యూటరు

"ఇది పని చేస్తే నేను నమ్మను. చెయ్యకపోతే నువ్వు పాసవ్వవు. ఏం జేద్దామమ్మా?" అన్నాడు మునస్వామి, కుర్చీ కంప్యూటరు ముందుకు లాక్కుంటూ.

సుప్రజ నవ్వబోయి మానుకుంది. మదనపల్లె బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీ. రెండువేల మూడు ఏప్రిల్. ఫైనలియర్ ప్రాజెక్టుల వైవా. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరంటే పిల్లలకు యముడి చుట్టమే. ఈయన పొద్దున్నుంచీ కనపడినవాళ్లనల్లా ఏడిపించి పంపుతున్నాడు. సుప్రజకేమో బెంగళూరులో ఉద్యోగం ఖాయమైంది. పాసైతే జూన్‌లో వచ్చి చేరమన్నారు. తప్పితే అంతే సంగతులు.

"ప్రాజెక్టుకు ఇద్దరి పేర్లుండాయే. ఈ ఉదయ్ కిరణ్ యాడ?"

"జ్వరం సార్. చౌడేపల్లెలో ఇంటికాడ పండుకోనుండాడు. వానికి ఇంకో రోజు పెడతామన్నారు హెచ్‌ఓడీ సారు."

"వైవా రోజే వస్తాది ఈ జ్వరం. సరే, నీ కత జెప్పు."

సుప్రజ గడగడా అప్పజెప్పింది. కంప్యూటరులో టమాటా మండీ వివరాలన్నీ పట్టికలుగా ఉన్నాయి. ఏ రైతు, ఏ ఊరు, ఏ రోజు, బాక్సుకు ఎంత రేటు. వాటిలోంచి ఏదైనా రాబట్టాలంటే క్వెరీ రాయాలి. ఏ పట్టికలోంచి, ఏ షరతు మీద, ఏం కావాలో దాని భాషలోనే అడగాలి. ఒక్క కామా తప్పినా మొరాయిస్తుంది. ఆ బాధ లేకుండా, మనం మామూలు ఇంగ్లీషులో అడిగితే తనే క్వెరీ రాసుకుని జవాబిచ్చే ప్రోగ్రాం ఇది.

"అబ్బో! జరుగు, నేనే కొడతా."

'తంబళ్లపల్లె రైతులను చూపించు' అని ఇంగ్లీషులో కొట్టాడు. తెర కాసేపు బిక్కమొహం వేసుకుని, తర్వాత క్వెరీనీ దాని కింద పేర్లనూ చూపించింది.

"ఇంత నిదానమా?"

"సర్వరు పక్క గదిలో ఉండాది సార్. పాతది."

"ఇదేం గొప్ప కాదులేమ్మా. ఊరి పేరు పట్టుకుని ఎవురైనా వెతికిస్తారు. ఇప్పుడు సూద్దాం." మునస్వామి చేతులు రుద్దుకుని ఒక్కో అక్షరమే కొట్టాడు. 'పోయిన శుక్రవారం మండీలో మోసపోయిందెవరు?'

'మోసం' అనే గడి ఏ పట్టికలోనూ లేదు. సుప్రజ ఏమీ తోచక, "పొద్దు బోయింది సార్, భోంచేసినారా?" అంది.

మునస్వామి పకపకా నవ్వాడు. "గేటు కాడ వాచ్‌మేన్ అడిగినాడు. అటెండరు అడిగినాడు. మీ హెచ్‌ఓడీ అడిగినాడు. ఇప్పుడు నువ్వు! నేనూ కుప్పం పక్కోడ్నేలేమ్మా. మన పక్క మనిషనేవాడు ఈ మాట అడక్కుండా ఉండలేడు. కొట్టుకోను వచ్చినోడు కూడా ముందు ఇదడిగి, ఆమైన రాయెత్తుతాడు."

ఇంతలో తెర కదిలింది. శుక్రవారం నాడు, ఒకే రకం కాయకు, మిగతావాళ్లందరికన్నా బాగా తక్కువ రేటు పడిన రైతుల పేర్లు వరసగా వచ్చాయి.

మునస్వామి నవ్వు ఆగిపోయింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"మోసమంటే ఇదని దీనికెవురు జెప్పినారు?"

"అది... దానంతట అదే నేర్చుకుంటాది సార్."

"నేర్చుకుంటాదా! మా నాయన నలభై ఏండ్లు మండీకి కాయ తోలినాడు. ఆయనకే తెలిసేది కాదు మోసపోయినట్టు."

ఆయన కాసేపు తెర వైపు, కాసేపు సుప్రజ వైపు చూశాడు. సుప్రజ మాత్రం చున్నీ కొంగు వేలికి చుట్టుకుంటూ పక్క గది వైపు గోడ మీది గడియారాన్నే చూస్తోంది. దేవుడా, ఈయన్ని లేపి పంపించు, ఈ శనివారమే కొండెక్కుతా అని మొక్కుకుంది.

"సరేమ్మా," అన్నాడు మునస్వామి చివరికి. గొంతు మెత్తబడింది. "నా సర్వీసులో ఇట్లాంటిది సూడలేదు. నీకు ఫుల్ మార్కులు ఎయ్యాల్సిందే."

సుప్రజకు ప్రాణం లేచొచ్చింది. "థాంక్యూ సార్!"

"నువ్వు జెప్పినావు, బాగుండాది. పాపం, పని చేసిందానికి కూడా ఒక మాట జెప్పి పోదాం." లేచి నిలబడి, ముందుకు వంగి, 'వైవా అయిపోయింది. చాలా బాగా చేసినావు. నువ్వు కూడా పోయి భోంచెయ్' అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ నొక్కాడు.

"అయ్యో సార్, దానికి పట్టికల్లో ఉండేది తప్ప ఏమీ తెలీదు! ఎర్రర్ వస్తాది, అంతే!" అంటూ సుప్రజ కీబోర్డు మీదికి చెయ్యి చాపింది.

ఎర్రర్ రాలేదు. ఇంగ్లీషు తప్ప మరో ముక్క రాని ఆ కంప్యూటరు తెర మీద, ఈసారి ఏ క్వెరీ లేకుండా, ఏ ఆలస్యమూ లేకుండా, ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చమైన చౌడేపల్లె తెలుగు వచ్చి నిలబడింది:

"థాంక్యూ సార్. మీరు భోంచేసినారా?"