ఒక్క తిట్టు కోసం

“ఎవర్రా ఈ బొబ్బర్లు మెక్కేవాణ్ణి పెళ్ళికి పిలిచింది? గాలంతా చెడిపోతోంది,” అంటూ దియారాల కుర్రవాడు బూరామా త్రవోరె నెత్తిమీది టోపీ లాక్కున్నాడు.

“ఇల్లు నాది, పెళ్ళి నా కూతురిది. మీ దియారాలు తరతరాలుగా మాకు బానిసలు. బానిసలు దొడ్డిదారిన రావాలి. వెళ్ళి గిన్నెలు తోము,” అన్నాడు బూరామా.

పందిట్లో జనం విరగబడి నవ్వారు. పెళ్ళికూతురి తండ్రి బోడిగుండుతో నిలబడ్డాడన్న మాటే గాని, అతని మొహం చూస్తే పండగ అక్కడే ఉంది. త్రవోరె ఇంటిపేరువాళ్ళూ దియారా ఇంటిపేరువాళ్ళూ ఎదురుపడితే తిట్టుకోవాల్సిందే. తాతలనాటి వేళాకోళపు చుట్టరికం అది. తిట్టనివాడే అనుమానించదగ్గవాడు, కడుపులో ఏదో పెట్టుకున్నాడని.

లువాన్ కూడా నవ్వాడు, అందరికంటే కాస్త ఆలస్యంగా.

వరిసాగు నేర్పడానికి వియత్నాం నుంచి ఆఫ్రికాలోని ఈ మాలీ పల్లెకు వచ్చి మూడేళ్ళయింది. మకాం బూరామా ఇంట్లోనే. వచ్చిన కొత్తలోనే బూరామా, “నీ పేరు మాకు నోరు తిరగడం లేదు. ఇవాళ్టి నుంచి నువ్వు సూమాయిలా త్రవోరె, నా తమ్ముడివి,” అని ఇంటిపేరు ఇచ్చేశాడు. ఈ నెలతో ఉద్యోగం అయిపోతుంది. వెళ్ళొద్దు, కాలవ పక్క చేను కలిసి చేసుకుందామని బూరామా పోరుతున్నాడు. పెళ్ళయ్యాక చెబుతానన్నాడు లువాన్. పెట్టె మాత్రం సర్దేసుకున్నాడు. ఇంటివాడినని తోస్తే ఉండిపోవచ్చు. చుట్టంచూపుగా ఎవడైనా ఎన్నాళ్ళుంటాడు? ఇన్నాళ్ళలో ఒక్క దియారా అతన్ని ఒక్క మాట అనలేదు.

దియారాల గుంపు వరసపెట్టి తిట్టుకుంటూ వస్తోంది. ఒకడి చెప్పు దాచారు. ఇంకొకడి తాతను తవ్వి తీశారు. పక్కన కూర్చున్న త్రవోరెను “తవుడు మొహం” అన్నారు. లువాన్ చొక్కా సర్దుకుని కూర్చున్నాడు. టోపీ దొంగ అతని ముందుకు రాగానే నవ్వు దాచుకుని, చేతులు కట్టుకున్నాడు.

“దయచేయండి దొరగారూ. ఎండగా ఉందా? చల్లగా ఏమైనా తెప్పించమంటారా?”

“నేను త్రవోరెని,” అన్నాడు లువాన్ వాళ్ళ భాషలోనే.

“అవునండి. మంచి పేరండి,” అని తలూపి, కుర్రవాడు అవతలివాడి చెవి మెలెయ్యడానికి వెళ్ళిపోయాడు. లువాన్‌కి ఏడుపొచ్చినంత పనయింది.

భోజనాలు పెట్టారు. ఊరంతా పెద్ద పెద్ద బేసిన్ల చుట్టూ కూర్చుని చేత్తో తింటోంది. లువాన్‌కి మాత్రం కుర్చీ, పింగాణీ పళ్ళెం, చెంచా, అందరికంటే పెద్ద కోడితొడ.

“వదినా, నేనూ వాళ్ళతో కూర్చుంటాను,” అన్నాడు బూరామా భార్యతో.

“ఇవాళ వద్దు నాయనా. పది ఊళ్ళ జనం చూస్తున్నారు. నిన్ను కింద కూర్చోబెడితే నా మొహాన ఉమ్మేస్తారు.”

మనిషిని వెలివెయ్యాలంటే తిట్టనక్కర్లేదు, మర్యాద చేస్తే చాలు. లువాన్ పళ్ళెం పట్టుకుని పందిరి వెనక్కి నడిచాడు.

అక్కడ వేపచెట్టు కింద చాప మీద ఒక ముసలాయన ఉన్నాడు. పక్క ఊరి దియారాల పెద్ద, మోలోబాలి తాత. అప్పుడే కోడలు అతన్ని చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టి, ముందు బేసిన్ పెట్టి వెళ్ళింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, మొహం గోడవైపు తిప్పుకుని ఉన్నాడు. లువాన్ పద్ధతి ప్రకారం పలకరించాడు. ఇల్లు క్షేమమా, పశువులు క్షేమమా, పిల్లలు క్షేమమా అని ఒకరినొకరు అడగడం అయింది.

“ఇంటిపేరు?” అన్నాడు తాత, ఇటు తిరక్కుండానే.

“త్రవోరె.”

“అదీ సంగతి. బొబ్బర్ల బస్తా నడిచొస్తోందేమిటా అనుకున్నాను.”

ఎన్నాళ్ళ నుంచో లువాన్ ఒంటరిగా వల్లెవేసుకున్న జవాబు తడబడుతూ బయటికొచ్చింది.

“యజమాని వస్తే బానిస లేచి నిలబడాలి, దియారా.”

“దొంగవెధవకి నోరొకటి. ఆ చెంచా అవతల పారేసి ఇలా చావు. జన్మలో మాంసం ఎరగవు, రుచి చూద్దువుగాని.”

లువాన్ చాప మీద కూలబడి బేసిన్‌లో చెయ్యి పెట్టాడు. తాత చెయ్యి తిన్నగా వచ్చి అతని వైపున్న మంచి ముక్క ఎత్తుకుపోయింది. “బానిసలకి బొమికలు చాలు,” అన్నాడు లువాన్. “మీ నాన్నకి చెప్పు,” అన్నాడు తాత. మాటకి మాట పెరిగింది. లువాన్ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు.

నవ్వుతూ నవ్వుతూ ఆ కళ్ళద్దాల వైపు చూశాడు. ఇంతసేపూ ముసలాయన ఒక్కసారైనా ఇటు తిరగలేదు. చెయ్యి పట్టి నడిపించిన కోడలు గుర్తొచ్చింది. ముసలాయనకి చూపు లేదన్న మాట. తిడుతున్నది ఇంటిపేరుని, తనని కాదు.

“ఏ ఊరు పారబోసిన బొబ్బర్లురా నువ్వు?” అన్నాడు తాత.

బూరామా ఇంటివాణ్ణంటే సరిపోతుంది. అబద్ధమూ కాదు. పొద్దుగూకే దాకా హాయిగా తిట్లు తినొచ్చు. కాని చూపులేనివాడి దగ్గర కాజేసిన చుట్టరికం ఎవరికి కావాలి?

“తాతా, తప్పయిపోయింది. నేను సముద్రాల అవతల పుట్టాను. ఈ పేరు బూరామా పెట్టింది. నా మొహం చూసి పిల్లలు చైనావాడంటారు. నీకు కనబడి ఉంటే నువ్వూ దొరగారూ అనేవాడివి.”

తాత నమలడం ఆపాడు. లువాన్ లేవబోయాడు. తాత అతని చొక్కా పట్టుకుని కిందికి లాగాడు.

“నువ్వు పళ్ళెం పట్టుకుని ఇటు వస్తుంటేనే చూశాను, నోర్మూసుకుని తిను, బొబ్బర్ల మొహమా.”