కొమ్ము తేడా

రచయిత భార్యకు మొగుడి మీద ఒకటే ఫిర్యాదు. ఇంట్లో ఎవర్నీ మనుషుల్లా బతకనివ్వడు, పాత్రల్ని చేసి చీటీలు అంటిస్తాడు.

ఏ సినిమాకైనా ఉండేవి అవే పాత్రలట. నాయకుడు, తోడు, ద్వారపాలకుడు, ప్రతినాయకుడు, గురువు, బఫూన్.

అద్దానికి ‘నాయకుడు’ అని అంటించుకున్నాడు. అత్తగారి గది తలుపుకు ‘ద్వారపాలకుడు’. ఊరికే గుర్రుమంటుందని ఫ్రిజ్ ‘ప్రతినాయకుడు’ అయింది.

అంట్లు తోమే కుళాయి పైన ‘తోడు’ కనిపించింది. అది తనదేనని ఆవిడే అర్థం చేసుకుంది.

‘గురువు’, ‘బఫూన్’ మాత్రం ఇంట్లో ఎవరికీ నప్పక అతని సంచిలో ఉండిపోయాయి.

రాస్తున్నది గూఢచారుల హాస్యచిత్రం. రెండుసార్లు చదివిన దర్శకుడు ఒక్కసారీ నవ్వలేదు. ఈసారీ నవ్వు రాకపోతే వేరేవాళ్లతో రాయించుకుంటానన్నాడు.

మూడోసారి రాసిన మొదటి సగాన్ని వీధి చివర టైపు చేసే ముసలాయనకిచ్చాడు.

టైపైన కాగితాలు తీసుకునేటప్పుడు తిరగేస్తే తప్పులు కనిపించాయి.

గూఢచారి తుపాకీ గురిపెట్టి “కదిలితే కాలుస్తా” అనాలి. కొమ్ము పోయి గుడి వచ్చింది. “కదిలితే కాలిస్తా.”

పోయిన కొమ్ము ఇంకో పేజీలో తేలింది. “మన జట్టులోనే ద్రోహి ఉన్నాడు” అనాల్సిన పై అధికారి, “మన జుట్టులోనే ద్రోహి ఉన్నాడు” అంటున్నాడు.

చత్వారం వస్తే అద్దాలు పెట్టుకోవాలి గానీ ఇంకొకళ్ల కొంప ముంచకూడదని, కొట్లో అందరి ముందూ కడిగేశాడు.

“దిద్దుతాను బాబూ. ముందు ఒక్కసారి పైకి చదివి చూడండి.”

దర్శకుడు ఎదురుచూస్తున్నాడు, దిద్దించే తీరిక కూడా లేదు. సంచిలోంచి ‘బఫూన్’ చీటీ తీసి ఆయన కంప్యూటరుకు అంటించి, ఆ కాగితాలతోనే వెళ్లిపోయాడు.

దర్శకుడు శవం దగ్గర కూర్చున్నట్టు చదువుతున్నాడు. ‘కాలిస్తా’ దగ్గర ఆగాడు. జుట్టు దగ్గరికి వచ్చేసరికి పొలమారి, టీ ఒలికింది.

“ఎవరు రాశారయ్యా ఇది?”

“నేనేనండీ.”

రెండో సగమంతా ఇలాగే కావాలన్నాడు. పదిహేను రోజులు గడువు.

రచయిత కొమ్ములు పీకాడు, గుడులు కట్టాడు, ఒత్తులు మింగాడు. భార్య వాటిని మందుచీటీ చదివినట్టు చదివి తిరిగిచ్చింది.

తప్పు చెయ్యడానికి కూడా చెయ్యి తిరగాలని అప్పుడు తెలిసింది.

గడువు రేపనగా కాగితాలు పట్టుకుని వీధి చివరికి వెళ్లాడు.

కొట్లో ముసలాయన కూతురు సామాను సర్దుతోంది. నాన్న పోయి తొమ్మిది రోజులైందని చెప్పింది.

పాపం ఆ చూపుతోనే చివరిదాకా పనిచేశారన్నాడు.

“నాన్నకి చూపుకేమండీ. మొన్నమొన్నటి దాకా సూదిలో దారం ఆయనే ఎక్కించేవాడు.”

కంప్యూటరు మీద ‘బఫూన్’ అలాగే ఉంది.

“సినిమావాళ్లు నాకో వేషం ఇచ్చారే అని మురిసిపోయాడు. నన్ను తియ్యనివ్వలేదు.”

సొరుగు వెతికి అతను టైపుకిచ్చిన చేతిరాత ప్రతి తెచ్చిచ్చింది.

‘జట్టు’ పక్కన పెన్సిలుతో చిన్న అక్షరాలు. చెట్టు, కొట్టేసి ఉంది. గట్టు, కొట్టేసి ఉంది. మెట్టు, అదీ కొట్టేసి ఉంది. చివర ‘జుట్టు’ కింద గీత.

దాని కింద, “అధికారికి బట్టతల పెడితే ఇంకా నవ్వుతారు. బాబుతో చెప్పాలి.”

రచయిత కంప్యూటరు మీది చీటీ గోటితో మెల్లగా ఊడదీసి తన చొక్కాకు అంటించుకున్నాడు. సంచిలో మిగిలిన రెండోదాన్ని ఆమె చేతిలో పెట్టాడు.

“తప్పు నాదమ్మా. చీటీలు తారుమారు చేశాను, నాన్నగారిది ఇది.”