కోసిన డబ్బు

"ఖాతాలో లేని కాస్త డబ్బు వాడుకున్నందుకు దానికి పదింతలు ఫైను కోస్తారా? అది మా వాడి కళ్ళజోడు డబ్బమ్మా," అంది దర్జీ, బ్యాంకు కౌంటర్ మీదికి వంగి.

"రూలక్కా. నా చేతుల్లో లేదు," అంది కౌంటర్ అమ్మాయి.

పక్కనున్న లారీ ఓనరు బల్ల చరిచాడు. "నాకూ కోశారు! ఇది బ్యాంకా, దోపిడీ దుకాణమా?"

అద్దాల గదిలోంచి మేనేజర్ తల ఊపాడు.

"ఈసారికి ఫైను తీసేస్తాను సార్," అంది అమ్మాయి.

ఓనరు వెళ్ళిపోయాక దర్జీ అడిగింది. "మరి అతనికెలా తీశావు?"

అమ్మాయి గొంతు తగ్గించింది. "అరిచినవాళ్ళకే తీయమన్నారక్కా. లోపలికి వినపడాలి. నన్ను తిట్టండి."

దర్జీ బుద్ధెరిగాక ఎవరి మీదా గొంతెత్తలేదు. "దొంగల్లారా!" అంది.

"వినపడదక్కా."

"పసివాడి కళ్ళజోడు డబ్బు మింగుతారా? సిగ్గు లేదా నీకు? ఈ జీతం తిని ఎలా నిద్రపడుతుందే?"

హాలంతా ఇటు తిరిగింది. నటన అనుకుని మొదలుపెట్టిన తిట్లు ఎప్పుడు నిజమయ్యాయో దర్జీకే తెలియలేదు.

అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మేనేజర్ ఇంకా తలెత్తలేదు.

కళ్ళు తుడుచుకోకుండానే, "ఇంకొంచెం, అక్కా," అంది.