అసలు ఊరోళ్లు

"నీ నామినేషన్ చెల్లదు పో," అంటూ మధుకర్ ఆ కాగితాన్ని బల్ల మీది నుంచి కిందికి తోసేశాడు.

సిరిసిల్ల దగ్గరి ఆ ఊరి మరమగ్గాల సంఘానికి ఆయన అధ్యక్షుడు. చచ్చేదాకా తానే ఉండాలని కోరిక. ఇంత బతుకు బతికి, తన షెడ్డులో నూలు కండెలు చుట్టే వనితతో పోటీ పడడమా! ఆ ఊహకే ఆయనకు ఒళ్లు మండిపోయింది.

"నేను గీ ఊర్లెనే పుట్టిన సేటూ," అంది వనిత కాగితం ఏరుకుంటూ. "ఊర్లె పుట్టినోళ్లందరు సభ్యులేనని సంఘం పెట్టిన్నాడే నియమం రాసుకున్నరు గదా. మా కూలి పెరగాలంటే గా కుర్చీల మావోళ్లు కూసోవాలె."

"మీ తాత ఒడిశా నుంచి మూట నెత్తిన పెట్టుకొని అచ్చిండు. గీడ పుట్టంగనే గీడోళ్లయితరా? నిన్న కమిటీల తీర్మానం చేసినం. తల్లి, తండ్రి ఇద్దరు గీ ఊర్లె పుడితెనే సభ్యత్వం. కోరుట్ల సంఘంతోని ఒప్పందం గూడ అయింది. ఆళ్లకు గూడ గిదే రూలు."

"మూల నియమం మారాలంటే సభ్యులందరు ఒప్పుకోవాలె. మీరు నలుగురు కూసొని, వేరే ఊరోళ్లతోని చెయ్యి కలిపితె మారుతదా? రాజ్యాంగం కంటె చట్టం పెద్దదా?"

"అబ్బో, కండెలు చుట్టేటామెకు రాజ్యాంగం గావాల్నట!"

కమిటీ సభ్యులు పగలబడి నవ్వారు. మధుకర్ తాగించే చాయ్‌కి వాళ్లు ఆ మాత్రం నవ్వు ఎప్పుడూ బాకీ ఉంచుకోరు.

ఎన్నికల అధికారిగా కూర్చున్న రిటైర్డ్ టీచర్ కిష్టయ్యకు విసుగొచ్చింది. "మధుకర్, గీ తీర్మానం చెల్లదు."

"ఎట్ల చెల్లదు? ఇప్పుడే అమలు చెయ్యి సార్! ఇద్దరి నామినేషన్లు దాని ప్రకారమే చూడు," మధుకర్ బల్ల గుద్దాడు.

"సరే, నీ ఇష్టం. ముందు నీది చూస్త. నిన్ను కన్న అవ్వ యాడ పుట్టింది?"

"కోరుట్ల..." అన్నాడు మధుకర్.

ఊరిపిల్లను ఊర్లోనే చేసుకోవడం అక్కడి కుటుంబాల్లో ఆనవాయితీ కాదు. కమిటీలో ఏ ఒక్కరి తల్లీ ఆ ఊర్లో పుట్టలేదు. నవ్వినవాళ్లంతా చాయ్ గ్లాసుల్లోకి చూస్తున్నారు.

కిష్టయ్య వనిత వైపు తిరిగాడు. "మీ అవ్వ, నాయినలు?"

"ఇద్దరు గీడనే పుట్టిండ్రు సార్. కూలోళ్ల లైన్ల పక్కపక్క అర్రలు. మాకు బయట పిల్లనెవరిస్తరు?"

కిష్టయ్య లేచి నిలబడ్డాడు. "అధ్యక్షురాలిగా వనిత ఎన్నిక ఏకగ్రీవం."