దుప్పటి మీద ఖాళీ

మేడ మీద తెల్ల దుప్పటి కట్టి, ముందు బల్బు వెలిగించి, దానిమీద వాలే పురుగులను ఫోటోలు తీయడం టైలరుకు పిచ్చి. ఆకుపచ్చ రెక్కల పురుగొకటి ఏడాదికి ఒక్కసారే వస్తుంది. పోయినేడు బావమరిది దోమల మందు కొట్టి దాన్ని తరిమేశాడు.

ఈ రాత్రి దుప్పటి నిండా పురుగులే. నడుమ మాత్రం ఖాళీ. ఆ ఖాళీకి తల ఉంది, భుజాలున్నాయి.

టైలరుకు ఒళ్లు మండింది.

"మందు పూసుకుని వెనకాల దాక్కున్నావట్రా? రా బయటికి, తోలు తీస్తా!"

"ఎవర్ని బావా తిడుతున్నావ్?" టీ గ్లాసులతో బావమరిది మెట్లెక్కి వచ్చాడు. "నీ పురుగుల జోలికి రానని అక్క మీద ఒట్టేశాగా."

టైలరు దుప్పటి వెనక్కి వెళ్లి చూశాడు. పిట్టగోడ తప్ప ఏమీ లేదు.

ముందుకు వచ్చేసరికి ఆకుపచ్చ పురుగు ఆ భుజం పక్కన వాలి ఉంది. కెమెరా ఎత్తాడు. భుజం దగ్గరి పురుగులు ఒక్కొక్కటే లేచిపోయాయి. ఖాళీకి చెయ్యి వచ్చింది. అది ఆకుపచ్చ పురుగు వైపు సాగింది.

"దాన్ని ముట్టుకున్నావో, చంపేస్తా!"

"నేనిక్కడున్నా కదా బావా!"

"నీతో కాదు."

చెయ్యి ఆగింది. ఖాళీ చుట్టూ ఉన్న పురుగులు నెమ్మదిగా పక్కకు జరిగాయి. ఆకారం పెద్దదవుతోంది, ఎవరో దగ్గరికి నడిచి వస్తున్నట్టు.