పదిహేడో లైటు

"పదిహేనిట్ల ఒక్కటి సుత లేస్తలేదు సార్!"

కమ్లీ ఫోన్లో అరిచింది. అవతల ల్యాబు నడిపే కంపెనీ సూపర్‌వైజర్ విసుక్కున్నాడు.

"లేవడమేంటమ్మా, అవేమైనా నిద్రపోతున్నాయా? కాస్త అర్థమయ్యే తెలుగులో చెప్పు."

"కంప్యూటర్లు ఆన్ కావడం లేదండీ," అంది కమ్లీ, పళ్ళు బిగబట్టి, ఒక్కో మాటా విడదీసి.

"ఆ సంగతి నాకు చెబితే ఏం లాభం? పదకొండింటికి జిల్లా నుంచి ఆఫీసరు ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నాడు. ఆయన కళ్ళముందు పదిహేనూ నడవాలి. లేదంటే ల్యాబు వాడకంలో లేదని రాసేస్తాడు. మిషన్లు ఇంకో స్కూలుకు పోతాయి. నీ ఉద్యోగం ఎక్కడికి పోతుందో నీకే తెలుసు."

ఫోన్ పెట్టేశాడు. గోడ గడియారంలో పదిన్నర.

కురవి దగ్గరి తండా నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చి ఈ హైస్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది కమ్లీ. పొద్దున తొమ్మిది నుంచీ కాలు నిలవడం లేదు. సర్వర్‌ను రెండుసార్లు ఆపి మళ్ళీ వేసింది. వైర్లు మార్చింది. తండా మాటలో ఆ మిషన్లను తిట్టింది కూడా. స్కూలు గోడ అవతల రిలే దీక్షల శిబిరంలో మైకు ఆగకుండా మోగుతూ ఉంది. జై తెలంగాణ అని అది అరిచినప్పుడల్లా కిటికీ అద్దాలు గలగలమంటున్నాయి.

ఈ కంప్యూటర్లకు హార్డ్‌డిస్కులు లేవు. స్విచ్ వేయగానే ఒక్కొక్కటీ తనకో అడ్రస్ ఇమ్మని వైరు గుండా అడుగుతుంది. మూలనున్న సర్వర్ అడ్రస్ ఇచ్చి, వెనకే మిషన్‌ను నడిపే లినక్స్ మొత్తాన్ని అదే వైరులో పంపిస్తుంది. బయటి నెట్ కూడా ఆ సర్వర్ గుండానే వస్తుంది. నిన్న సాయంత్రం దాకా అంతా సవ్యంగానే నడిచింది. ఇవాళ ఏది చూసినా నల్లటి తెర, నాలుగు తెల్లటి లైన్లు.

"ఎర్రయ్య కాకా, ఆ రెండోదాన్ని మల్లొక్కసారి ఆన్ చెయ్యి."

అటెండర్ ఎర్రయ్య మీట నొక్కాడు. ఈసారి కమ్లీ తెరకు ముఖం ఆనించినట్టు వంగి ఆ నాలుగు లైన్లనూ నిదానంగా చదివింది. అడ్రస్ దొరికింది. ఏ ఫైలు తెచ్చుకోవాలో మాత్రం దానికెవరూ చెప్పలేదు. ఆ అడ్రస్ వంక చూసి ఉలిక్కిపడింది. ఆమె సర్వర్ ఇచ్చేవన్నీ పదితో మొదలవుతాయి. ఇది నూట తొంభై రెండుతో మొదలైంది.

"కాకా, గిది మన సర్వర్ ఇచ్చింది గాదు. ఇంకెవడో ఇస్తున్నడు."

"ఇంకెవడిస్తడు బిడ్డా? గీ రూముల ఉన్నది మనిద్దరమే గద!"

కమ్లీ గబగబా బల్ల కిందికి దూరింది. వైర్లన్నీ వచ్చి కలిసే పెట్టె మీద పచ్చలైట్లు మినుకుమంటున్నాయి. పదిహేను మిషన్లు, ఒక సర్వర్. పదహారు వెలగాలి. వేలు పెట్టి లెక్కబెట్టింది. పదిహేడు. మళ్ళీ లెక్కబెట్టింది.

"కాకా, గీ వైరు ఏడికి పోయింది?"

ఎర్రయ్య భుజం మీది తువ్వాల సవరించుకున్నాడు. "నిన్న నువ్వు పోయినంక దీక్షల కూసునేటోల్లు వచ్చిన్రు. పేపరోల్లకు ఫొటోలు పంపాలె, జర నెట్ గావాలె అన్నరు. ఒక్క వైరే గదా అని గుచ్చిన. ఉద్యమం పనికి లేదంటమా?"

పీకేద్దామని చెయ్యి చాచిన కమ్లీ ఆగిపోయింది. పీకితే వాళ్ళు వచ్చి అడుగుతారు. సరిగ్గా ఆఫీసరు ముందే లొల్లి అవుతుంది.

"నువ్వు గీడనే ఉండు కాకా. అన్ని బంద్ చేసి పెట్టు, నేను కేకేస్తే మల్ల ఆన్ చెయ్యి."

కిటికీలోంచి బయటపడి గోడ దాటిన వైరును కళ్ళతోనే పట్టుకుని, గేటు చుట్టూ తిరిగి పరుగెత్తింది. శిబిరం మీద 'ఈ రోజు దీక్షలో ఉద్యోగులు' అని రాసిన బట్ట కట్టి ఉంది. జంపఖానా మీద ఏడెనిమిది మంది పూలదండలతో కూర్చున్నారు. వాళ్ళలో ఒక పెద్దాయన ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని చిరాగ్గా కీలు నొక్కుతున్నాడు. పక్కనే స్టూలు మీద తెల్లటి నెట్ డబ్బా. వైరు దాంట్లోకే పోయింది.

"సార్, మీ డబ్బతోని నా ల్యాబంత ఆగమైంది!"

"నీ ల్యాబుకేమాయె గని బిడ్డా, పొద్దుగాల్నుంచి ఈడ మాకే నెట్ వస్తలేదు."

కమ్లీ డబ్బాను వెనక్కి తిప్పింది. వరసగా నాలుగు కంతలు, కొంచెం ఎడంగా ఇంకొకటి. "గీ నాలుగు బయటికి ఇచ్చేటియి సార్. ఎడంగ ఉన్నది తీసుకునేది. మీరు ఇచ్చేదాంట్ల గుచ్చిన్రు. ఇగ గిది నా మిషన్లకు సర్వర్ కంటె ముందుగాల అడ్రసులు పంచుతున్నది. దీని దగ్గర లినక్స్ యాడుంటది? ఉత్త అడ్రస్ వట్టుకొని అవి గట్లనే కూసున్నయ్."

ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని ముందుకు వంగాడు. "ఎట్ల దొరకవట్టినవ్?"

"లైట్లు లెక్కవెట్టిన," అంటూనే వైరు పీకి ఎడంగా ఉన్న కంతలో గుచ్చింది. గోడ వైపు తిరిగి గొంతెత్తింది. "కాకా! అన్ని ఆన్ చెయ్యి!"

లినక్స్ అన్ని మిషన్లకూ చేరాలంటే రెండు మూడు నిమిషాలైనా పడుతుంది. కమ్లీ ఒక కాలు మార్చి ఒక కాలు మీద నిలబడి గోళ్ళు కొరుక్కుంది. ఈలోగా పెద్దాయన ల్యాప్‌టాప్‌లో నెట్ వచ్చేసింది. గోడ అవతల మాత్రం చప్పుడు లేదు. చివరికి ఎర్రయ్య కేక వినిపించింది.

"లేసినయ్ బిడ్డా! పదిహేనుకు పదిహేను లేసినయ్!"

దీక్షలో ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. కమ్లీకి అవి వినే తీరిక లేదు. పదకొండుకు ఇంకా అయిదు నిమిషాలే ఉన్నాయి.

"మల్ల ఆ వైరు ముట్టకున్రి సార్, దండం వెడత. పదకొండింటికి ఇన్‌స్పెక్షన్ ఉన్నది," అంటూ గేటు వైపు పరుగు తీయబోయింది.

"ఉరుకకు బిడ్డా," పెద్దాయన బంతిపూల దండ పక్కకు జరిపి జేబులోంచి పెన్ను తీశాడు. "ఇయ్యాల దీక్ష వంతు మా ఆఫీసుది. నీ రిజిస్టర్ గీడికే తే, సంతకం వెడత. ఆ ఇన్‌స్పెక్షన్ సార్ను నేనే."