మూడో అంతస్తు బాల్కనీ

"మామ్మగారూ, ఒక్క నిమిషం లోపలికి వెళ్తారా?" కింద నుంచి కేకేశాడు తిహోమిర్.

బెల్‌గ్రేడ్‌లోని పాత కాంక్రీటు భవనాలను ఫొటోలు తీయడమే అతని పని. వాటిలో మనిషన్నవాడు కనబడకూడదు. ఈ భవనం ముందుకొచ్చి నిలబడడం ఇది మూడో రోజు. మూడు రోజులూ ఈ ముసలావిడ మూడో అంతస్తు బాల్కనీలోనే ఉంది.

"లోపలికా? ఎందుకు నాయనా?" ఆవిడ పిట్టగోడ మీదికి వంగింది. "మొన్న నీలం స్వెట్టరు, నిన్న తెల్లది, ఇవాళ ఎర్రది వేసుకున్నాను. ఎందులో బాగా పడ్డాను?"

తిహోమిర్ ఆవిడ పడ్డ ఫొటోలన్నీ ఏ రోజువి ఆ రోజే చెరిపేశాడు.

"మా ఆయన పోయాక నన్నెవరూ ఫొటో తీయలేదు. ఇటు తలెత్తి చూసినవాడివి నువ్వొక్కడివే" అంది.

అబద్ధం చెప్పబోయి ఆగిపోయాడు. "ఒక్కదాంట్లోనూ మీరు లేరు మామ్మగారూ. నేనే చెరిపేశాను."

ఆవిడ ఎర్ర స్వెట్టరు సర్దుకుంది.

"పైకి రా. కాఫీ పెడతాను. దగ్గర్నుంచి తీద్దువుగాని."

తిహోమిర్ కెమెరా స్టాండు మడిచి మెట్లెక్కాడు. ఆరేళ్లుగా ఇలాంటి భవనాలు తీస్తున్నా, ఒకదాని లోపలికి అడుగుపెట్టడం అతనికదే మొదటిసారి.